ప్లేస్కూల్ బాబు తెచ్చే జలుబు నుంచి మూడు నెలల పాపని కాపాడుకోవడం ఎలా?

ఇద్దరు పిల్లల అమ్మ:
అందరికీ నమస్తే. మా బాబుకి రెండున్నరేళ్లు. ప్లేస్కూల్లో వేసిన దగ్గర్నుంచి ముక్కు కారని వారం లేదు. ఒకటి తగ్గిందనుకునేలోపు ఇంకోటి మొదలవుతోంది. వాడి సంగతి ఎలాగో నెట్టుకొస్తున్నాం కానీ నా టెన్షన్ అంతా చంటిదాని గురించి. దానికిప్పుడు మూడు నెలలు. వీడు ఇంటికి రాగానే బ్యాగు కూడా దించకుండా చెల్లెలి దగ్గరికి పరిగెత్తి మొహంలో మొహం పెట్టేస్తాడు. మొన్న దానికీ అంటుకుంది. ముక్కు మూసుకుపోయి పాలు తాగలేక, నోట్లో పెట్టుకోవడం, వదిలేసి ఏడవడం, రాత్రంతా అదే.

వీడికి ఇమ్యూనిటీ తక్కువేమో అని ఒకరు, చల్లగాలికి తిప్పుతున్నారని ఒకరు, స్కూల్ మాన్పించేయమని ఇంకొకరు అంటున్నారు. అసలు పిల్లలకి ఇన్నిసార్లు ఎందుకొస్తుంది, ఒకరి నుంచి ఒకరికి ఎలా అంటుకుంటుంది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

ల్యాబ్ మాస్టారు:
అమ్మా, ముందు ఆ ఇమ్యూనిటీ భయం పక్కన పెట్టండి. చిన్నపిల్లలకి ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. ప్లేస్కూల్‌కి, డే కేర్‌కి వెళ్లేవాళ్లలో కొందరికి ఇంకా ఎక్కువే. పైగా అవి ఏడాది పొడవునా సర్దుకుని రావు, కొన్ని నెలల్లోనే ముమ్మరంగా వస్తాయి. ఒక్కో జలుబు వారం పది రోజులుంటుంది, దగ్గు ఆ తర్వాత కూడా సాగుతుంది. అందుకే మీకు అది ఎడతెగని ఒకే జబ్బులా కనిపిస్తోంది. బాబు బరువు పెరుగుతూ, మధ్యలో తేరుకున్నప్పుడు హుషారుగా ఆడుకుంటున్నాడంటే వాడి ఒంట్లో రక్షణ వ్యవస్థ తన పని తాను చేసుకుంటోందన్నమాట.

ఇన్నిసార్లు ఎందుకంటే, జలుబు అనేది ఒక్క వైరస్ పని కాదు. అన్నిటికంటే ఎక్కువగా జలుబు తెచ్చే రైనోవైరస్‌లోనే 160కి పైగా రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే వచ్చే రక్షణ రెండో రకం మీద పెద్దగా పనిచేయదు. దానికి తోడు వేరే వైరస్‌లు కూడా: ఆర్‌ఎస్‌వీ (రెస్పిరేటరీ సిన్సీషియల్ వైరస్), పారాఇన్‌ఫ్లుయెంజా, ఫ్లూ, అడినోవైరస్, 2001లో నెదర్లాండ్స్‌లో గుర్తించిన హెచ్‌ఎంపీవీ, మామూలు జలుబు తెచ్చే నాలుగు కరోనావైరస్‌లు, ఇప్పుడు కోవిడ్. మనకి వీటిలో చాలావాటితో చిన్నప్పుడే పరిచయం అయిపోయింది. మీవాడికి ఇప్పుడిప్పుడే అవుతోంది.

ఇంకొక్క విషయం. అమెరికాలోని యూటాలో 26 కుటుంబాల్లో అందరి ముక్కు నమూనాలూ ఏడాది పాటు వారం వారం తీసి పరీక్షించారు. 2015లో ఆ వివరాలు అచ్చయ్యాయి. ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు సగం వారాల్లో ఏదో ఒక వైరస్ దొరికింది. అలా దొరికినప్పుడు చాలాసార్లు పైకి ఏ లక్షణమూ లేదు. ముక్కు కారే పిల్లల్ని మాత్రమే దూరం పెడితే సరిపోతుందనే ఆలోచన ఎందుకు నడవదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కొత్త నాన్న:
మాస్టారూ, చదువుతుంటేనే కొంచెం ధైర్యం వచ్చింది. ఒక సందేహం. మా పాపకి చీమిడి మొదట్లో నీళ్లలా ఉండి, మూడో రోజుకి పసుపుగా, తర్వాత ఆకుపచ్చగా మారింది. ఆకుపచ్చగా మారితే ఇన్‌ఫెక్షన్ ముదిరిందని, యాంటీబయాటిక్ వేయాల్సిందేనని చుట్టుపక్కల అందరూ అంటున్నారు. నిజమేనా?

వార్డు నర్సు:
రంగుని బట్టి యాంటీబయాటిక్ వేయరండి. వైరస్‌తో పోరాడడానికి ముక్కులోకి చేరిన తెల్ల రక్తకణాల్లో ఆకుపచ్చ రంగు ఎంజైమ్ ఒకటుంటుంది, చీమిడికి ఆ రంగు దాన్నుంచే వస్తుంది. మామూలు వైరస్ జలుబులో కూడా చీమిడి చిక్కబడి, రంగు మారి, మళ్లీ పలచబడి ఆగిపోతుంది. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాని చంపుతుంది, వైరస్‌ని ఏమీ చేయదు. అనవసరంగా వాడితే పిల్లలకి విరేచనాలు పట్టుకుంటాయి, రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చు.

అలాగని ఎప్పుడూ వద్దని కాదు. జలుబు తర్వాత చెవిలో చీము పట్టడం, న్యుమోనియా రావడం జరుగుతాయి. తగ్గిన జ్వరం మళ్లీ ఎగబాకినా, పది రోజులు దాటినా ఏ మాత్రం మెరుగు లేకపోయినా, చెవి పట్టుకుని ఏడుస్తున్నా డాక్టర్ చూడాలి. ఆయన రాస్తే వాడండి. ఇంట్లో పాత సీసా మిగిలిందని మాత్రం పోయకండి.

మనవరాలి అమ్మమ్మ:
అమ్మాయ్, మీ చదువులు నేను కాదనను. కానీ చల్లగాలి తగిలితే జలుబు చేయడం మా కళ్లారా చూసినదే. తల తడిపి ఆరబెట్టకపోతే సాయంత్రానికి తుమ్ములే. పిల్లని వెచ్చగా ఉంచండి. అన్నీ వైరస్‌ల మీదికే నెట్టేస్తే ఎలా?

ల్యాబ్ మాస్టారు:
అమ్మమ్మ గారూ, పిల్లల్ని వెచ్చగా ఉంచమన్న మాటకి నేనూ కట్టుబడి ఉన్నాను. చంటిపిల్లల ఒళ్లు తొందరగా చల్లబడిపోతుంది, వాళ్లకి అది మంచిది కాదు. అయితే వైరస్ లేనిదే చలి ఒక్కటే జలుబుని పుట్టించలేదు.

దీన్ని పట్టుబట్టి పరీక్షించిన చోటు ఒకటుంది. ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ దగ్గర 1946లో జలుబు మీద పరిశోధన కోసమే ఒక కేంద్రం పెట్టారు. స్వచ్ఛందంగా వచ్చినవాళ్ల ముక్కులో వైరస్ చుక్కలు వేసి చూసేవారు. కొందరిని స్నానం చేయించి, ఒళ్లు తుడుచుకోనివ్వకుండా, ఈదురుగాలి కొట్టే నడవలో నిలబెట్టారు. అలా చలికి వణికినవాళ్లకి మిగతావాళ్లకంటే ఎక్కువగా జలుబు చేయలేదు. ఇంకో సంగతి. అట్లాంటిక్ సముద్రం మధ్యలో ట్రిస్టన్ డ కున్యా అనే ద్వీపం ఉంది. ఎప్పుడో గానీ ఓడ రాదు. అక్కడ చలి ఎంతున్నా జనానికి జలుబులు ఉండేవి కావు. ఓడ వచ్చి వెళ్లాక కొద్ది రోజులకే ఊరంతా తుమ్ములు మొదలయ్యేవి.

మరి చలికాలంలోనే ఎందుకు ఎక్కువ అంటారా? తలుపులు, కిటికీలు బిగించుకుని అందరం ఒకే గదిలో ఒకే గాలి పీలుస్తాం. ఫ్లూ లాంటి వైరస్‌లు చల్లటి, పొడి గాలిలో ఎక్కువసేపు నిలుస్తాయి. రైనోవైరస్ అయితే 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా పెరుగుతుంది, లోపలి ఒంటి వేడికంటే ముక్కు చల్లగా ఉంటుంది కదా, అక్కడ దానికి అనుకూలం. కాబట్టి మీరు చూసింది అబద్ధం కాదు, చలికీ జలుబుకీ సంబంధం ఉంది. కాకపోతే పిల్లకి టోపీ పెట్టి, ముక్కు కారుతున్న చుట్టం చేతికి ఇస్తే టోపీ కాపాడలేదు.

మనవరాలి అమ్మమ్మ:
అది ఒప్పుకుంటాను బాబూ. వచ్చినవాళ్లంతా పిల్లని ఎత్తుకుని ముద్దు పెట్టడం నాకూ నచ్చదు. చెప్తే ఏమనుకుంటారోనని ఊరుకుంటాం.

వార్డు నర్సు:
ఊరుకోకండమ్మా, మీ వయసువాళ్లు చెప్తేనే వింటారు. మూడు నెలల బిడ్డ విషయంలో నాకు అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది ఆర్‌ఎస్‌వీ. అందుకే దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

1956లో దీన్ని మొదట గుర్తించింది జలుబు చేసిన చింపాంజీల్లో. ఆ తర్వాతే ఇది పసిపిల్లల జబ్బని తేలింది. రెండేళ్లు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డకీ ఒక్కసారైనా వస్తుంది. మీ బాబు వయసు వాళ్లకి చాలావరకు మామూలు జలుబులా వచ్చి పోతుంది, మనలాంటి పెద్దవాళ్లకి గొంతు గరగరలాడి ఊరుకుంటుంది. చంటిబిడ్డలో మాత్రం ముక్కు దగ్గర ఆగకుండా ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలిగొట్టాల దాకా దిగొచ్చు. అవి అసలే సన్నవి. లోపలి పొర కొంచెం వాచినా, కాస్త గల్ల అడ్డుపడినా గాలి ఆడదు. పిల్లికూతలు, ఆయాసం, డొక్కలు ఎగరేయడం అలా మొదలవుతాయి. దీన్నే బ్రాంకియోలైటిస్ అంటారు. జలుబు మొదలైన మూడు నుంచి ఐదు రోజుల మధ్య ఎక్కువగా ఉంటుంది. అందుకే రెండో రోజు బాగానే ఉందని ధీమాగా ఉండకూడదు.

ఇక ఎలా అంటుకుంటుందో తేల్చిన ఒక పరిశోధన చెప్తాను. మా ట్రైనింగ్‌లో విన్నాను, ఇప్పటికీ వార్డులో దాన్ని తలుచుకునే పని చేస్తాను. కరోలిన్ హాల్ అనే పిల్లల డాక్టర్ అమెరికాలోని రోచెస్టర్‌లో చేశారు, 1981లో అచ్చయింది. ఆర్‌ఎస్‌వీతో ఆసుపత్రిలో ఉన్న పసిపిల్లల దగ్గరికి ముందుకొచ్చిన పెద్దవాళ్లని మూడు గుంపులుగా పంపారు. మొదటి గుంపు బిడ్డని ఎత్తుకుని, లాలించి, మామూలుగా చూసుకున్నారు. రెండో గుంపు బిడ్డని ముట్టుకోలేదు, బిడ్డ గదిలో లేనప్పుడు వెళ్లి మంచం, బొమ్మలు తాకి, తర్వాత తమ ముక్కు, కళ్లు ముట్టుకున్నారు. మూడో గుంపు ఆ గదిలోనే, మంచానికి ఆరడుగులకు పైగా దూరంలో ఊరికే కూర్చున్నారు. ఎత్తుకున్న ఏడుగురిలో ఐదుగురికి వచ్చింది. వస్తువులు తాకిన పదిమందిలో నలుగురికి వచ్చింది. దూరంగా కూర్చున్న 14 మందిలో ఒక్కరికీ రాలేదు.

చిన్న పరిశోధనే. అయినా ఆర్‌ఎస్‌వీ విషయంలో చేతులు, ముక్కు, కళ్లు ఎంత ముఖ్యమో ఇంతకంటే స్పష్టంగా చెప్పినది నేను చూడలేదు. గట్టి ఉపరితలాల మీద, అంటే బల్ల, మంచం పట్టీ లాంటివాటి మీద ఈ వైరస్ కొన్ని గంటలు బతుకుతుంది. చేతుల మీద అంతకంటే తక్కువసేపు, అయినా ఒక గది నుంచి ఇంకో గదికి మోసుకెళ్లడానికి ఆ సమయం చాలు.

ల్యాబ్ మాస్టారు:
నర్సు గారి మాటకి ఒక చేర్పు. దీన్ని అన్ని వైరస్‌లకీ వర్తింపజేయకండి. ఫ్లూ, కోవిడ్ గాలిలో తేలే అతి సన్నటి తుంపరల ద్వారా కూడా వెళ్తాయి, మూసిన గదిలో దూరంగా కూర్చున్నా రావచ్చు. రైనోవైరస్ రెండు దారుల్లోనూ పోతుంది. అందుకని చేతులు కడుక్కోవడం ఒక్కటే చాలదు, కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడం కూడా అంతే అవసరం.

ఇద్దరు పిల్లల అమ్మ:
నర్సు గారూ, మాస్టారూ, ఇన్నాళ్లూ ఇంత వివరంగా నాకెవరూ చెప్పలేదు, చాలా థాంక్స్. మరి రెండున్నరేళ్లవాడికి చెల్లెలిని ముట్టుకోవద్దని ఎలా చెప్పను? దూరం పెడితే వాడు బెంగ పెట్టుకుంటున్నాడు. ఇంకోటి, నాకే జలుబు చేస్తే పాలివ్వచ్చా?

ప్లేస్కూల్ టీచర్:
వద్దు అనకండి. ముట్టుకునే చోటు మార్చండి. మొహం, చేతులు కాకుండా పాదాలకి ముద్దు పెట్టమనండి. పాప చేతులు ఎప్పుడూ నోట్లోనే ఉంటాయి, కాబట్టి చేతులకి కూడా వద్దు. పిల్లలకి ఒక పని అప్పగిస్తే అది తమ హోదా అనుకుంటారు. "చెల్లి పాదాలకి ముద్దు పెట్టేది నువ్వే" అంటే వాడే గుర్తుపెట్టుకుంటాడు.

మా క్లాసులో రోజూ చూసేది చెప్తాను. ఒక బాబు బొమ్మ కారు చక్రం నోట్లో పెట్టుకుంటాడు. తీసి బల్ల మీద దొర్లిస్తాడు. పక్కనున్న పాప అదే కారు అందుకుని, అదే చేత్తో కన్ను నులుముకుంటుంది. తర్వాత ఇంకొకరు ముక్కు తుడుచుకున్న చేత్తో దాన్ని లాక్కుంటారు. నిమిషం కూడా పట్టదు. ఈ వయసు పిల్లలు ఊరుకుంటే కదా! మేం నోట్లో పెట్టుకున్న బొమ్మని వెంటనే వేరే డబ్బాలో పడేసి సాయంత్రం కడుగుతాం. భోజనానికి ముందు, బయట ఆడి వచ్చాక అందరి చేతులూ సబ్బుతో కడిగిస్తాం. అయినా పూర్తిగా ఆగదు, తగ్గుతుంది అంతే.

ఇంట్లో మీరు చేయగలిగింది, గుమ్మంలోకి రాగానే నేరుగా చేతులు కడిగే చోటికి తీసుకెళ్లడం. సబ్బు రుద్ది కనీసం 20 సెకన్లు, మొహం కూడా. షర్టు ముందుభాగం, చేతులకి తుడుచుకున్న చీమిడే ఉంటుంది కాబట్టి బట్టలు మార్చేయండి. ఆ తర్వాతే చెల్లి దగ్గరికి. వాడి నీళ్ల సీసా, తువ్వాలు వేరుగా ఉంచండి.

వార్డు నర్సు:
టీచర్ గారు చెప్పినదానికి నేను కలిపేది ఏమీ లేదు. పాలు నిరభ్యంతరంగా ఇవ్వండి. జలుబు చేసిన తల్లి పాలు మానేయాల్సిన పని లేదు, ఆ పాలతో బిడ్డకి రక్షణ కణాలు కూడా అందుతాయి. ఎత్తుకునే ముందు చేతులు కడుక్కుని, పాలిచ్చేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. పాప ముక్కు దిబ్బడగా ఉంటే పాలకి ముందు రెండు ముక్కుల్లో సెలైన్ చుక్కలు వేసి, మెల్లగా పీల్చి తీసేయండి. ఈ వయసు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు, అది తెరుచుకుంటే పాలు తాగగలుగుతారు. ఒకేసారి ఎక్కువ కాకుండా, తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు పట్టండి. దగ్గు సిరప్‌లు ఈ వయసులో అసలు వద్దు. ఏడాది నిండనిదే తేనె కూడా నాకించకండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగేవారుంటే ఆ పొగ పిల్లల ఛాతీ జబ్బుల్ని ఇంకా ముదరబెడుతుంది, ఇది గట్టిగా చెప్పండి.

కొత్త నాన్న:
చేతులు కడగడం బదులు శానిటైజర్ రాస్తే సరిపోదా? బయట ఉన్నప్పుడు అదే సులువు.

ల్యాబ్ మాస్టారు:
నీళ్లు లేనిచోట రాయండి, ఏమీ లేకపోవడం కంటే మేలు. కానీ తేడా ఉంది. ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ, కరోనావైరస్‌ల చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. ఆల్కహాల్‌కైనా, సబ్బుకైనా అది కరిగిపోతుంది, దాంతో వైరస్ పని అయిపోతుంది. రైనో, అడినోవైరస్‌లకి ఆ పొర లేదు, అందుకని ఆల్కహాల్‌కి అంత తేలిగ్గా లొంగవు. వాటిని సబ్బుతో రుద్ది నీళ్లతో కడిగేసుకోవాల్సిందే. అడినోవైరస్ అయితే వస్తువుల మీద చాలా రోజులు ఉండగలదు. జ్వరం, గొంతునొప్పి, కళ్లు ఎర్రబడడం, కొందరికి విరేచనాలు కలిసి వస్తే దాన్ని అనుమానిస్తారు.

కోవిడ్ మొదలైన 2020లో ఒక వింత చూశాం. మాస్కులు, మూసిన స్కూళ్ల వల్ల చాలా దేశాల్లో ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ దాదాపు కనిపించకుండా పోయాయి. రైనోవైరస్ మాత్రం పిల్లల్లో తిరుగుతూనే ఉంది. ఆ తర్వాత 2021లో ఆంక్షలు సడలగానే ఆర్‌ఎస్‌వీ తన కాలం కాని కాలంలో, వేసవిలో కూడా విరుచుకుపడింది.

రాత్రి మెలకువ:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబుకి ఏడాదిన్నర. పగలంతా చిన్న జలుబు, ఆటలు. అర్ధరాత్రి లేచి కుక్క మొరిగినట్టు దగ్గు, ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో కీచుమనే చప్పుడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే ఒక డోసు మందు వేసి, కొన్ని గంటలు చూసి పంపేశారు. ఇది కూడా జలుబు వైరసేనా?

వార్డు నర్సు:
అవునండి, దాన్ని క్రూప్ అంటారు. ఎక్కువగా పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్ వల్ల వస్తుంది. స్వరపేటిక, దాని కింది గాలిగొట్టం వాచి దారి ఇరుకవుతుంది, ఆ దగ్గు అందుకే. రాత్రిళ్లు ఎక్కువవుతుంది. బిడ్డ ఏడిస్తే ఇరుకు ఇంకా పెరుగుతుంది కాబట్టి ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని సముదాయించాలి, మనం కంగారుపడితే వాళ్లు ఇంకా ఏడుస్తారు. మీవాడికి ఇచ్చింది స్టెరాయిడ్ అయ్యుంటుంది, సాధారణంగా ఒక్క డోసే వాపుని తగ్గిస్తుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా ఆ కీచు శబ్దం వస్తుంటే, చొంగ కారుతూ మింగలేకపోతుంటే క్షణం ఆగకూడదు. మీరు వెంటనే తీసుకెళ్లి మంచి పని చేశారు.

ముగ్గురి నాన్న:
అందరూ ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఇంత జాగ్రత్త అవసరమా? మా ముగ్గురికీ చిన్నప్పుడు అన్నీ వచ్చాయి, ఇప్పుడు గట్టిగా ఉన్నారు. రానివ్వండి, వస్తేనే కదా తట్టుకునే శక్తి వచ్చేది.

ల్యాబ్ మాస్టారు:
మీ మాటలో నిజం ఉంది. అమెరికాలోని టూసాన్‌లో పిల్లల్ని పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనించారు. పెద్ద డే కేర్‌లకి వెళ్లినవాళ్లకి రెండేళ్ల వయసులో జలుబులు ఎక్కువ, ఆరేళ్లు దాటి బడిలో చేరాక మిగతావాళ్లకంటే తక్కువ. అందుకే నేను బాబుని స్కూల్ మాన్పించమని చెప్పడం లేదు. కానీ ఆ లెక్క రెండున్నరేళ్లవాడికే. మూడు నెలల పాపకి వర్తించదు. అదే ఆర్‌ఎస్‌వీ ఏడాది తర్వాత వస్తే గాలిగొట్టాలు పెరిగి ఉంటాయి, తట్టుకునే బలం ఉంటుంది. ఇప్పుడొస్తే ఆక్సిజన్ పెట్టాల్సి రావచ్చు. నెలలు తక్కువగా పుట్టినవాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఇంకా ప్రమాదం. వచ్చేదే అయినా కొన్ని నెలలు ఆలస్యంగా రావడమే ఇక్కడ మనం కోరుకునేది.

ముగ్గురి నాన్న:
వయసు సంగతి అలా విడదీసి చెప్తే సరే. మా పిల్లలు నెలల బిడ్డలుగా ఉన్నప్పుడు ఇంట్లో స్కూలుకెళ్లేవాళ్లు లేరు, నేను ఆ కోణంలో చూడలేదు.

మనవరాలి అమ్మమ్మ:
ఆయాసం అంటున్నారు, మామూలు ముక్కు దిబ్బడకి, దానికి తేడా ఎలా తెలుస్తుంది తల్లీ? పిల్ల గురగురలాడితే చాలు, నాకు గుండె జారిపోతుంది.

వార్డు నర్సు:
లెక్కపెట్టండమ్మా. పాప నిద్రలోనో, ఏడవకుండా ఉన్నప్పుడో చొక్కా పైకి తీసి పొట్ట చూడండి. పొట్ట ఒకసారి లేచి పడితే ఒక ఊపిరి. గడియారం పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి. అర నిమిషం లెక్కించి రెండింతలు చేస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే చంటిపిల్లలు కాసేపు గబగబా, కాసేపు మెల్లగా పీలుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రెండు నెలలలోపు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40, నిమిషానికి అంతకు చేరినా, దాటినా వేగంగా పీలుస్తున్నట్టే. డాక్టర్ చూడాలి.

ముక్కు దిబ్బడైతే చప్పుడు పైపైన వస్తుంది, ముక్కు శుభ్రం చేస్తే తగ్గుతుంది. పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంజుకుపోతుంటే, ముక్కుపుటాలు ఎగురుతుంటే, ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగుతుంటే, మధ్యలో ఊపిరి ఆగినట్టవుతుంటే, పెదాలు నీలంగా మారితే వెంటనే ఆసుపత్రికి. మామూలుగా తాగే పాలల్లో సగం కూడా తాగకపోయినా, ఉచ్చ తడి బాగా తగ్గినా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా అంతే. మూడు నెలలలోపు బిడ్డకి జ్వరం 38 డిగ్రీలు, అంటే 100.4 ఫారెన్‌హీట్ తగిలితే ఇంట్లో మందు వేసి చూద్దాం అనుకోకూడదు. నెలలు తక్కువగా పుట్టిన కొందరు చంటిపిల్లల్లో దగ్గు కూడా లేకుండా ఊపిరి ఆగడమే ఆర్‌ఎస్‌వీ మొదటి లక్షణం కావచ్చు.

కొత్త నాన్న:
వీటికి టీకాలు లేవా?

ల్యాబ్ మాస్టారు:
ఫ్లూకి ఉంది, ఆరు నెలలు నిండాక వేస్తారు. మొదటి ఏడాది చిన్నపిల్లలకి కనీసం నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. ఆరు నెలలలోపు బిడ్డకి వేయరు కాబట్టి ఇంట్లో మిగతా అందరూ వేయించుకోవాలి. ఆర్‌ఎస్‌వీకి 2023 నుంచి గర్భిణులకి వేసే టీకా కొన్ని దేశాల్లో వచ్చింది, తల్లి నుంచి రక్షణ బిడ్డకి అందుతుంది. పుట్టిన బిడ్డకే ఇచ్చే నిర్సెవిమాబ్ అనే యాంటీబాడీ (వైరస్‌ని అడ్డుకునే ప్రొటీన్) ఇంజెక్షన్ ఇంకొకటి, ఒక్క డోసు ఐదారు నెలలు కాపాడుతుంది. మీరున్న చోట దొరుకుతుందేమో మీ పిల్లల డాక్టర్‌ని అడగండి. రైనోవైరస్‌కి అన్ని రకాలుండడం వల్లే ఇప్పటిదాకా టీకా లేదు.

ఇద్దరు పిల్లల అమ్మ:
ఒక్క చివరి ప్రశ్న. బాబుకి జలుబు చేస్తే ఎన్ని రోజులు స్కూల్‌కి పంపకూడదు? దగ్గు వారాల తరబడి ఉంటోంది.

ప్లేస్కూల్ టీచర్:
దగ్గు పూర్తిగా పోయేదాకా ఆగితే ఏడాదంతా ఇంట్లోనే ఉంటాడండి. మేం చూసేది, జ్వరం మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుండా ఉండాలి, తిని ఆడుకోగలగాలి. మొదటి రెండు మూడు రోజులు, చీమిడి ధారగా కారుతూ నీరసంగా ఉన్నప్పుడు మాత్రం ఇంట్లో ఉంచండి.

వార్డు నర్సు:
అవును, వైరస్ ఎక్కువగా బయటికొచ్చేది ఆ మొదటి రోజుల్లోనే. ఆర్‌ఎస్‌వీ అయితే మూడు నుంచి ఎనిమిది రోజులు అంటుకుంటుంది. తర్వాత మిగిలే దగ్గు గాలిగొట్టాల లోపలి పొర మానుతున్నప్పటిది, రెండు మూడు వారాలు ఉండొచ్చు. నాలుగు వారాలు దాటితే చూపించండి. వాడికి జలుబు కొత్తగా మొదలైన ఆ మూడు నాలుగు రోజులు పాపని వేరే గదిలో పడుకోబెట్టి, ఇద్దరినీ ఒకే మనిషి ఎత్తుకోకుండా పనులు పంచుకోండి. అది కుదరకపోతే, వాడి ముక్కు తుడిచిన ప్రతిసారీ చేతులు కడుక్కుని పాపని ఎత్తుకోండి.